లియావ్ తాత చీటీ

లాంతర్ల పండుగనాడు గుడి వాకిట్లో లాంతర్లకు పొడుపుకథల చీటీలు వేలాడుతున్నాయి. చీటీ లాగినవాళ్లే దాన్ని విప్పాలన్నది అక్కడి కట్టుబాటు. శూఫెన్ చంకలోని పిల్లాడు ఒకటి పీకి నోట్లో కుక్కుకున్నాడు. ఆమె వేలు పెట్టి తీసేసరికి అది గుజ్జయింది. మూడో తరగతితోనే బడి మానేసిన శూఫెన్‌కు, నలుగురిలో నగుబాటు తప్పదనిపించింది.

"విప్పాలి, విప్పాలి!" అని జనం గోల.

చీటీ రాసిన లియావ్ తాత, విప్పినవాళ్లకు వాయించే డప్పుతో వచ్చాడు.

"తప్పైపోయింది తాతా, వీడు నమిలేశాడు. నాకేమో చదవడమే సరిగా రాదు."

"ఊరుకోవే పిల్లా! ఇరవయ్యేళ్లుగా నా పొడుపుకథల్లోని శ్లేషలంటే జనం ఆమడదూరం పరిగెడుతున్నారు. నోరూరించుకుని తీసుకున్నవాడు వీడొక్కడే!"

తాత గెలుపు డప్పు మూడుసార్లు వాయించి, బహుమతి సబ్బు ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది మాత్రం వాడికి అందనీకు."