శీదుర డబ్బా

శివపార్వతమ్మకు బడి లేదు. మైలవరం కొట్లలో పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చింది. ఒత్తులు మాత్రం పట్టుబడలేదు. వాటిని వదిలేసి చదివేది.

మనవరాలు శ్రీదుర్గ ఇంటర్ రెండో ఏడు. దసరా సెలవులకు బెజవాడ హాస్టల్ నుంచి వచ్చి, తిరిగి వెళ్లనని మంచమెక్కింది. పుస్తకాల సంచి జిప్పు కూడా తీయలేదు. ఆదివారం వచ్చి లాక్కెళ్తానని వాళ్ల నాన్న ఫోన్లో అరిచాడు. ముసలామెకు రెండు భయాలు. పిల్ల ఇలాగే పడుంటే ఎలా? లేచి తిరిగితే మళ్లీ బస్సెక్కేస్తుందే! ఎందరినో సాగనంపిన మనిషి. గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపడమంటేనే ఆమెకు గుండె జారేది.

పొద్దున్నే పేపరు పట్టుకుని మంచం పక్కన కూర్చుంది. "బెంజ్ సరిలో టాఫిక్ కషాలు" అని పైకి చదివింది.

దుప్పటి కింద కిసుక్కుమని నవ్వు. "కషాలు కాదు అమ్మమ్మా, కష్టాలు! ట్రాఫిక్! సర్కిల్!"

"ఏమోనే, కింద ఏవో వేలాడుతుంటాయి. నువ్వు చెప్పకూడదూ?"

శ్రీదుర్గ లేచి కూర్చుంది. సుద్దముక్కతో నేల మీద రాసి చూపించింది. ముసలామె మళ్లీ మళ్లీ అదే తప్పు చదివింది. "ఇంత చిన్నది కూడా రాదా? బుర్రలో మట్టుందా?" అని కసిరి, చటుక్కున ఆగిపోయింది పిల్ల.

"మా ఫిజిక్స్ సారు అచ్చం ఇలాగే అంటాడు."

"అననీ. రాకే కదా నీ ముందు కూర్చున్నా. అన్నీ వచ్చినదాన్నైతే నువ్వెందుకే నాకు?"

శ్రీదుర్గ సుద్దముక్క మళ్లీ అందుకుంది. "సరే. ఒత్తంటే పై అక్షరం కొంగు పట్టుకుని వేలాడే బిడ్డ అనుకో. బిడ్డనొదిలేసి పోతావా?"

"పోనమ్మా" అంది శివపార్వతమ్మ. ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. ఆ పూట మరి ఒత్తు జారలేదు.

సాయంత్రం ఆమె అక్షరాలు దిద్దుకుంటుంటే పక్కన జిప్పు చప్పుడైంది. ఫిజిక్స్ పుస్తకం బయటికొచ్చింది.

"నాకు రాలేదనే చెప్తా సారుకి. మళ్లీ చెప్పమంటా" అంది పిల్ల.

శనివారం నాన్నకు తనే ఫోన్ చేసింది. "నువ్వు రావద్దు. నేనే బస్సెక్కుతా."

సున్నుండల డబ్బా మూత మీద మనవరాలి పేరు రాసింది శివపార్వతమ్మ. ఇదివరకు "శీదుర" అని ఉండేది. ఇప్పుడు "శీదుర్గ".

"ఇంకో బిడ్డ తప్పిపోయింది చూడు" అంటూ శ్రీదుర్గ పెన్ను మళ్లీ ఆమె చేతికే ఇచ్చింది.

బయట బస్సు హారన్ మోగింది. ఆమె తలెత్తలేదు. రావత్తు బుద్ధిగా వచ్చి అక్షరం కింద కూర్చుంది.

"వెళ్లి రావే" అంటూ శివపార్వతమ్మ గుమ్మం దాకా వచ్చి, చెయ్యి ఊపింది.