పదకొండు చొక్కాలు

ఏడో చొక్కా కాలరు మీద నీళ్లు చిలకరించి ఆమె ఇస్త్రీపెట్టె ఆనించింది. ఇంకా నాలుగున్నాయి. ఏ కంపెనీ ప్రాపకమూ లేకుండా సొంతంగా చేసుకున్న కొత్త ఆల్బమ్‌తో ఆమె ఉన్న పంక్ బ్యాండు పదకొండు రోజుల్లో పదకొండు ఊళ్లు తిరిగి రావాలి. రోజుకొకటి చొప్పున భర్తకు పదకొండు చొక్కాలు. చెయ్యమని ఆయనేమీ అడగలేదు. "వెళ్లు, నేను కాదన్నానా? నలిగిన చొక్కాతో ఆఫీసుకెళ్తే నవ్వుతారు, అంతేగా" అన్నాడు. "పెళ్లాన్ని ఊళ్లమీదికి పంపినవాడివి, ఆ మాత్రం పడాలిలేరా" అని అత్తగారు కొడుకును ఓదార్చింది. ఆ రెండు మాటలకే ఆమె నిన్నంతా వండి, డబ్బాల మూతలమీద వారాల పేర్లు అంటించి, ఫ్రిజ్ నింపింది. తొమ్మిదేళ్ల కాపురంలో గడప దాటాలంటే ముందే సుంకం కట్టేయడం అలవాటైపోయింది.

"అక్కా, కింద వ్యాన్ వచ్చేసింది" అంటూ బ్యాండులో పాడే అమ్మాయి లోపలికొచ్చి, ఇస్త్రీబల్లను చూసి ఆగిపోయింది. ఇరవై రెండేళ్ల పిల్ల. డ్రమ్స్ వాయించే ఈ అక్కంటే ప్రాణం. ఆమె ఇస్త్రీపెట్టెను వెనక్కి దాచబోయింది. కాలుతున్న పెట్టెను ఎక్కడని దాస్తుంది?

ఆల్బమ్‌లో మొదటి పాట రాసింది ఆమే. 'నీ చొక్కా నీది, ముడత కూడా నీదే' అని ఈ అమ్మాయి మైకు పగిలేలా అరుస్తుంటే, వేదిక కిందనుంచి ఆడపిల్లలు అంతకన్నా గట్టిగా అందుకుంటారు. మొన్నొక నడివయసు ఆవిడ వేదిక వెనక్కొచ్చి, ఆమె చేతులు పట్టుకుని, "మీ ఇంట్లో నిజంగా అంతేనా?" అని అడిగింది. "అంతేనండీ" అంది ఆమె. కాస్తయినా తడబడలేదు.

"అలా చూస్తావేంటమ్మా" అని భర్త సోఫాలోంచి నవ్వాడు. "మీ అక్క అరుపులన్నీ స్టేజీ మీదే. ఇంట్లో బంగారం."

అమ్మాయి నవ్వలేదు. భుజాన ఉన్న సంచి కింద పెట్టింది. "ఆలస్యమవుతోంది. ఇటివ్వక్కా, నువ్వు చెప్పులేసుకో" అని ఎనిమిదో చొక్కా బల్లమీద పరిచింది. ఎప్పుడూ చేసిన పని కాదేమో, జేబు దగ్గర మొదలుపెట్టింది.

"ముందు కాలరు చెయ్యాలి తల్లీ" అంటూ అత్తగారు దగ్గరికొచ్చింది.

"ఇలాగా అండీ?"

అరిచి అరిచి బొంగురుపోయిన ఆ గొంతు అంత మెత్తగా పలకడం ఆమె ఎన్నడూ వినలేదు. తొమ్మిదేళ్ల క్రితం ఇదే బల్ల దగ్గర తనూ సరిగ్గా ఇలాగే అడిగింది. అప్పుడు తనను చూసి నేర్చుకునేవాళ్లెవరూ లేరు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోడవైపు తిరిగితే అక్కడ ప్లగ్గు కనిపించింది. పీకేసింది.

"అదేంటి, ఇంకా మూడున్నాయిగా?" అన్నాడు భర్త.

ఆమె అమ్మాయి చేతిలోంచి పెట్టె తీసి నిలబెట్టింది. అమ్మాయి కింద పెట్టిన సంచి భుజాన వేసుకుంది. ఆ పిల్ల మణికట్టు పట్టుకుని, కళ్లలోకి చూసే ధైర్యం లేక తల వంచుకునే, వెళ్లొస్తానన్న మాటైనా అనకుండా మెట్లు దిగింది.