గలేబు లేని రజాయిలు

కాకపోతే ఆ మాట ఏ గొంతుతో అనాలన్నదే ఇంకా తేలలేదు. మెత్తగా అనాలా, పనిలో పడి యథాలాపంగా అన్నట్టు అనాలా, లేక మొహం చూడకుండా గోడకు చెప్పినట్టు అనాలా. "అక్కా, ఈ పాత గలేబులన్నీ చింపి నేలగుడ్డలు చేసేద్దామా?" అంతే. ఇంతకు ఒక్క ముక్క ఎక్కువైనా చెడుతుంది. ఎక్కువ మాట్లాడితే కోపం పలచబడుతుంది. ఇన్నేళ్ళు చిక్కగా కాచుకున్నదాన్ని చివర్లో నీళ్ళు కలిపి పొయ్యడం ఆమెకు ఇష్టం లేదు.

చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. రజాయి మూలను గలేబు లోపలికి తోసి, భుజం దాకా చెయ్యి దూర్చి, లోపలెక్కడో ఉన్న నాడాను వేళ్ళతో తడిమి పట్టుకుని, మూలకు ముడివేసి, మళ్ళీ చెయ్యి బయటికి. తర్వాత రెండో మూల. తర్వాత అంచులు రెండూ పట్టుకుని దులపడం. దులిపిన ప్రతిసారీ కుడి భుజం కీలులో ఎవరో చిన్న మేకు దిగగొట్టినట్టు ఉంటుంది. చివరగా గుండీలు. గుండీలున్న వైపు కాళ్ళకు రావాలి, తలవైపు వస్తే మొత్తం విప్పి మళ్ళీ మొదలు.

ఇంకెన్నాళ్ళులే, అనుకుంది. రజాయికి కాదు, గలేబుకు చెప్పింది.

ఆ ఇంట్లో కింద కుటుంబం ఉంటుంది, పైన రెండంతస్తులూ అద్దె గదులు. చలి ప్రదేశం కాబట్టి ప్రతి మంచానికీ ఒక దూది రజాయి, దానికో గలేబు తొడుగు. బావగారు కింద బల్ల దగ్గర కూర్చుని తాళాలిస్తారు. ఆమె భర్త కుళాయిలూ దీపాలూ బాగుచేస్తాడు. పక్కలు మార్చడం ఆమె పని. గలేబులు మాత్రం బావగారి భార్యవి, అంటే ఆమె అక్కా అని పిలిచే తోడికోడలివి. బట్ట ఎంచి, కత్తిరించి, మెట్ల కింద మిషను మీద ఒక్కొక్కటీ కుట్టేది అక్కే. కొన్న గలేబు ఆ గుమ్మం తొక్కలేదు. "ఎక్కడ కొన్నారండీ, బాగున్నాయి" అని దిగినవాళ్ళు అడిగితే, "కొనలేదండీ, కుట్టాను" అనేది అక్క. ఆ ఒక్క ముక్క అనేటప్పుడు ఆవిడ మెడ ఎంత నిటారుగా అయ్యేదో ఆమెకు వెనకనుంచి చూసినా తెలిసేది.

పక్క వేయడం పూర్తయ్యాక అక్క వచ్చేది. మాట్లాడేది కాదు. రెండు వేళ్ళతో రజాయి మూలలు ఒక్కొక్కటే చిటికెలా నొక్కి చూసేది. లోపల దూది తగిలితే సరే. మూల ఖాళీగా వేలాడితే మొత్తం పక్కను ఒక్క లాగులో నేలమీదికి లాగేసి వెళ్ళిపోయేది. అలా వేలాడే మూలకు ఆ ఇంట్లో కుందేలు చెవి అని పేరు.

ఆమెకు కూడా అదే పేరు.

కాపురానికి వచ్చిన కొత్తలో, నాడా అందక, మూల దొరక్క, ఆమె ఏకంగా గలేబులోపలికే దూరింది. అలాంటి తప్పు ఈ ఇంట్లోనే, ఈ గలేబులతోనే జరుగుతుంది. లోపల బట్ట వెలుతురు పాలలా ఉంది. నిలబడి చేతులు పైకి చాపి మూలల కోసం వెతుకుతుండగా తలుపు తెరుచుకుంది. అక్క గది చూపించడానికి ఎవరినో కుటుంబాన్ని తీసుకొచ్చింది. వాళ్ళకు కనిపించింది మంచం పక్కన నిలబడ్డ ఒక తెల్లటి ఆకారం, తలమీద అటొకటీ ఇటొకటీ వాలిపోయిన ఖాళీ మూలలు. "మా కుందేలండీ," అంది అక్క, "బొరియలో ఉంది." అందరూ నవ్వారు. గలేబు లోపలినుంచి ఆమె ఆ నవ్వుల్ని ఒక్కొక్కటే విడదీసి విన్నది. పెట్టెలు మోసుకొచ్చిన భర్త నవ్వు అందులో అన్నిటికంటే ఆలస్యంగా ఆగింది.

ఆ రోజునుంచీ బావగారి పిల్లలకు కుందేలు పిన్ని, బావగారికి కుందేలమ్మ, భర్తకు ఉత్త కుందేలు. ఒకసారి కూరలవాడు కూడా, "కుందేలుగారు లేరా అండీ?" అని అడిగాడు. గారు తగిలించినందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఎవరూ చెడ్డగా అనరు. అదే కదా బాధ. చెడ్డగా అంటే తిరిగి అనొచ్చు.

పగ ఎలా ఉండాలన్నదీ అప్పట్లో తెలియలేదు. కూరలో ఉప్పు ఎక్కువ వేయడం, మిషను సూది దాచేయడం లాంటివి ఊహించుకుని, చిన్నపిల్ల చేష్టల్లా అనిపించి వదిలేసింది. అది దానంతట అదే ఒక పరుపుల దుకాణంలో ఎదురొచ్చింది. దిండ్ల కోసం వెళితే దుకాణదారు ఒక రజాయి విప్పి పరిచాడు.

"దీనికి గలేబు అక్కర్లేదమ్మా. పైబట్టా ఇదే, దూదీ ఇదే. మాసిందా, మొత్తంగా ఉతికేసుకోవడమే. ఇప్పుడు అందరూ ఇవే అడుగుతున్నారు."

"మరి మూలల సంగతో?"

"మూలలకేమమ్మా?"

"జారిపోవా? ఖాళీ పడవా?"

"కుట్టేసినవి ఎక్కడికి జారతాయమ్మా?" అని అతను నవ్వాడు.

ఆమె రెండు వేళ్ళతో మూల నొక్కి చూసింది. లోపల నిండుగా ఉంది. ఇలాంటివి ఇల్లంతా పరుచుకుంటే కుందేలు చెవి అనే మాటకే చోటుండదు. మాట పోతే పేరు పోతుంది. మిషను మీద దుమ్ము పడుతుంది. నిటారు మెడ కొంచెం వంగుతుంది. చివరగా ఆ నేలగుడ్డల మాట. దుకాణంలో నిలబడి ఉండగానే ఆమెకు ఒళ్ళు వెచ్చబడింది.

అక్కను నేరుగా అడిగి లాభం లేదు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి. ఆ పట్టుబడ్డ కుందేలు తానే కాబట్టి ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. అదను కోసం చూసింది. ఒకరోజు భోజనాల దగ్గర బావగారే అందించారు.

"మనుషులొచ్చి మెట్లమీద కూర్చుంటున్నారు. గదులు మాత్రం తయారవ్వవు. ఏం చెప్పాలి వాళ్ళకి?"

"గలేబులు తొడగడంతోనే సగం పొద్దు పోతోంది బావగారూ," అంది ఆమె, పప్పు వడ్డిస్తూ. "గలేబు లేని రజాయిలు వస్తున్నాయట. పరిస్తే పక్క అయిపోయినట్టే."

"కుందేలుకి గలేబంటే ఇంకా భయం పోలేదన్నయ్యా," అన్నాడు భర్త, నోట్లో ముద్దతోనే.

"భయం కాదు. భుజం."

"అదేలే, కుందేలు భుజం."

బావగారు భార్యవైపు చూశారు. అక్క తలెత్తలేదు. ముద్ద కలుపుతూనే, "తెప్పించండి, చూద్దాం," అంది.

ఆ మాటను ఆమె చాలా రోజులు నాలుక మీద పెట్టుకుని చప్పరించింది. దెబ్బ తగిలింది. తగిలిందని తెలియకూడదనే తలెత్తలేదు. మంచాల మధ్య తిరుగుతున్నా, మెట్లు దిగుతున్నా, ఆ వంచిన తలే కనిపించేది. మెట్ల కింద మిషను చప్పుడు కూడా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం దాటి వెళ్ళేటప్పుడు ఆమె కావాలనే అడుగులు నెమ్మదిగా వేసేది.

రజాయిలు వచ్చాయి. మొదటి పొద్దున పైఅంతస్తు గదులన్నీ ఇట్టే అయిపోయాయి. పరుపు దుప్పటి మార్చి, రజాయి పరిచి, అంచు సరిచేస్తే పని ముగిసినట్టే. భుజం తనొకటి ఉన్నట్టే గుర్తు చెయ్యలేదు. ఆమె కిటికీ దగ్గర నిలబడి ఎదురుచూసింది. అలవాటు మనిషిని లాక్కొస్తుందని తెలుసు.

వచ్చింది. అక్క రెండు వేళ్ళూ మూలమీద పెట్టి నొక్కింది. ఆ వేళ్ళు అక్కడే కాసేపు ఉండిపోయాయి, వెతకడానికేమీ లేక.

ఇప్పుడు, అనుకుంది ఆమె. గోడతో అన్నట్టు కాదు, మొహం చూస్తూనే. ఊపిరి తీసుకుంది.

"ఈ పాత గలేబులన్నీ చింపి నేలగుడ్డలు చేసేద్దాం," అంది అక్క. "ఏమంటావు?"

అక్క, వేసిన పక్కమీద ఏనాడూ చెయ్యైనా ఆనించని మనిషి, మంచం మీద చతికిలబడి కాళ్ళు ఊపింది.

"అమ్మయ్య. పీడ విరగడైంది. మిషను తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరిగిపోయాయి. మళ్ళీ ఆ గుండీల కాజాలొకటి. అత్తగారు నా నెత్తిన పెట్టి పోయింది కాబట్టి మోశాను గానీ, నాకు మొదట్నుంచీ వాటిని చూస్తే ఒళ్ళుమంటే."

"మరి... కొనలేదండీ, కుట్టాను అనేవారుగా అందరితో."

"అంత చాకిరీ చేసి ఆ మాటైనా అనుకోవద్దూ?"

"మూలలు నొక్కి చూసేవారు."

"నువ్వు రాకముందు, నొక్కకపోతే అత్తగారు నన్ను నొక్కేది. ఆవిడ పోయినా వేళ్ళకి అలవాటు పోలేదు." అక్క లేచి, వెళ్తూ వెళ్తూ ఆమె బుగ్గ గిల్లింది. "ఏమైనా కుందేలు బుర్రే బుర్ర."

ఆమె కిటికీ దగ్గరే ఉండిపోయింది. ఏళ్ళ తరబడి కత్తి నూరి, తీరా గుమ్మం దగ్గరకు తీసుకెళ్తే, సమయానికి తెచ్చావమ్మా అని ఎదుటి మనిషి వంకాయలు అందించినట్టుంది. అక్క ప్రేమించే దాన్ని లాక్కున్నానని కదా ఇన్నాళ్ళూ అనుకుంది. తీరా చూస్తే ఆవిడ బరువును తానే దించిపెట్టింది. ఆవిడకూ ఒళ్ళుమంటే అయితే మరి నేలమీదికి లాగేసిన ఆ పక్కలన్నీ దేనికోసం? గలేబుల మీది ఇష్టంతో బాధపెట్టి ఉంటే ఒక అర్థమైనా ఉండేది. ఆ కోపం పాతదానికంటే వేరే రంగులో ఉంది. దాన్నెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పేరు పోలేదు సరికదా, ఇంకా పైకి పాకింది. బావగారు దిగినవాళ్ళతో, "మా కుందేలమ్మ ఆలోచనేనండీ," అని గర్వంగా చెప్పేవారు. వాళ్ళు ఆమెను చూసి నవ్వి నమస్కారం పెట్టేవారు.

అసలు పొరపాటు ఉతుకుల దగ్గర బయటపడింది. పక్క గురించి అంతా ఆలోచించింది గానీ, ఉతుకు గురించి ఆలోచించలేదు. గలేబులు ఉతికే రోజుల్లో తడిబట్టల గంప చంకనెత్తుకుని ఒక్కతే డాబా మీదికి వెళ్ళేది. ఆరేసి, పిట్టగోడకు ఆనుకుని కాసేపు నిలబడేది. అక్కడికి ఎవరూ వచ్చేవారు కాదు. తన పగను తాను తీరిగ్గా నెమరేసుకునే చోటు అది. ఇప్పుడు రజాయి మొత్తంగా ఉతకాలి. తడిసిన రజాయి గేదెదూడంత బరువు. పిండడానికి రెండు జతల చేతులు కావాలి, తీగమీదికి ఎత్తడానికీ కావాలి. మిషను పని లేని అక్కకు తీరికే తీరిక. తవ్వుకున్న గోతిలో తానొక్కతే పడినా బాగుండేది, అక్క కూడా పక్కనే దిగింది.

"అటు మెలిపెట్టు. అటు కాదు, నీ అటు," అంటోంది అక్క. ఇద్దరి మధ్యా రజాయి తాడులా మెలికపడి నీళ్ళు కారుతోంది. ఎండ బాగుంది. అక్క మొహం ఈ మధ్య నున్నబడింది. "ఇదే నయం. మిషను దగ్గర ఒక్కదాన్నీ కూర్చుంటే పిచ్చెక్కేది. ఇక్కడైతే నువ్వున్నావు, నాలుగు మాటలు."

ఆమె మెలిపెట్టింది. అడగకూడదని అనుకుంటూనే అడిగింది.

"అక్కా, నన్ను కుందేలని ఎందుకన్నారో గుర్తుందా?"

"ఎవరు, నేనా? మీ ఆయన పెట్టాడనుకున్నానే."

"మీరే."

అక్క నిజంగానే ఆలోచించింది. కనుబొమలు ముడిపడ్డాయి, విడిపోయాయి. "ఏమో. కొత్తలో బెదురు చూపులు చూసేదానివి కదా. ముద్దుకి అని ఉంటాను. అయినా ఇప్పుడెందుకే?"

"ఊరికే."

ఆమె ఆ మొహంలో అబద్ధం కోసం వెతికింది. కంటి మూలలు చూసింది, పెదవి చివర చూసింది. దొరకలేదు. అబద్ధమైతే పట్టుకుని పోట్లాడొచ్చు. అక్క జ్ఞాపకంలో ఆ గది లేదు, ఆ తలుపు తెరుచుకోలేదు, గలేబులో నిలబడ్డ మనిషే లేదు. ఆ రోజును ఇన్నేళ్ళుగా ఆమె ఒక్కతే తిండిపెట్టి పెంచింది. ఇక ఆ నవ్వుకు క్షమాపణ చెప్పమని అడగడానికి కూడా అవతల ఎవరూ మిగల్లేదు.

"సరే పద, ఎండ ఉండగానే వేసేద్దాం," అంది అక్క.

రజాయిని చెరో చివరా పట్టుకుని తీగ దగ్గరకు నడిచారు. అక్క తన చివరను తలపైకి ఎత్తింది. మునివేళ్ళమీద లేచి, రెండు చేతులూ చాపి, మెడ వెనక్కి విరిచి పట్టుకుంది. నీళ్ళు ఆవిడ మోచేతుల మీదుగా రవికలోకి కారుతున్నాయి. నవ్వుతోంది. బరువంతా ఇద్దరి మధ్య వేలాడుతోంది, సగం ఆవిడది, సగం ఈమెది.

"పైకెత్తు కుందేలూ, చేతులు పీకేస్తున్నాయి."

ఆమె దగ్గర మాటేదీ సిద్ధంగా లేదు. వెతుక్కోలేదు కూడా. తన చేతిలోని రెండు నిండు మూలలవైపు ఒకసారి చూసి, ముందు ఎడమ చెయ్యి వదిలింది, తర్వాత కుడి చెయ్యి.