ఒకే గూట్లో రెండు ఫొటోలు

ఆ పేజీ దగ్గర ఆగకుండా తిప్పేస్తే బాగుండును, ఇంకో నిమిషంలో టీ వస్తుంది, ఆల్బం మూసేస్తారు, అనుకుంటూ హెస్టర్ నవ్వుమొహం పెట్టుకుని కూర్చుంది, ట్రాయ్ ఊళ్లో ఎవరింటికి వెళ్లినా ముందు ఫొటోల ఆల్బం చేతికివ్వడమే మర్యాద, ఎవరెవరి బొమ్మలున్నాయో చూసి ఆ ఇంటి అంతస్తు తూచుకుంటారు, అందులోనూ ఇప్పుడు తనింట్లో ఆల్బం తిప్పుతున్న పాస్టరుగారి భార్య మిసెస్ విట్లాక్ కళ్లు మరీ చురుకు, ఇవాళే రావాలా అక్క, చెప్పాపెట్టకుండా, అదిగో కుర్చీ అంచున కూర్చుంది ట్రైఫీనా, చొక్కాలకు విడిగా తగిలించే కాలర్ల లాండ్రీలో పదిహేనేళ్లు ఇస్త్రీపెట్టె పట్టి కాలిన వేళ్లను ఒళ్లో దాచుకుని, ఆవిడ తన అక్క అని హెస్టర్ ఇంకా చెప్పనే లేదు, ఫొటో దూర్చే ఈ గూడు ఇంత లావుగా ఉందేమిటమ్మా అంటోంది మిసెస్ విట్లాక్, హెస్టర్ పెళ్లిఫొటో వెనక గోరు పెట్టి లాగుతోంది, వద్దండీ చిరుగుతుంది అనేలోపే వచ్చేసింది అక్క ఫొటో, ఒంటిమీద స్టూడియోవాళ్లు తొడిగిన పట్టుగౌను, నా చెల్లెలు నలుగురికీ చూపించుకోవాలి కదా అని ఎంత మురిసిపోతూ పంపిందో, ఎంత పట్టు తొడిగినా ఆ వేళ్లు దాగలేదని తనే దాన్ని తన ఫొటో వెనక దూర్చేసింది.

ఇది నువ్వే కదూ, రాణీలా ఉన్నావే, ఇంతకీ వీళ్లకు ఏమవుతావు, అని ఆవిడ అక్కనడిగి హెస్టర్ వైపు చూసింది, చెప్పు, అక్క అని రెండక్షరాలు, అమ్మ పోయాక జడలు వేసి, తన వంతు రొట్టె కూడా పెట్టి పెంచిన అక్క, కానీ నోట్లోంచి వచ్చింది వేరే, మా కాలర్లు ఇస్త్రీ చేస్తుందండీ, పాతమనిషి, అభిమానం కొద్దీ ఇచ్చింది, ఎవరన్నారీ మాట, నేనేనా, అయ్యో, ఆవిడ ఫొటో వెనక్కి తిప్పబోతోంది, వెనక అక్క వంకర రాత ఉంది, నా చిట్టి చెల్లి హెస్టర్‌కు అని, ఇక పరువు పోయినట్టే.

అంతలో ట్రైఫీనా చెయ్యి చాచి ఆ ఫొటో అందుకుంది, ఇటివ్వండమ్మా, నా మొహానికి ఆల్బం ఒకటా, చూసినవాళ్లు నవ్విపోతారు, అని తనే నవ్వుతూ జేబులో వేసుకుంది, హమ్మయ్య అనిపించింది హెస్టర్‌కు, నిజంగానే అనిపించింది, ఛీ, ఎందుకొచ్చిందో కూడా అడగలేదే, లేచి వెళ్లు, ఇప్పుడైనా అక్కా అను, అనుకుంటూనే తన పెళ్లిఫొటోను గూట్లో సర్దుతూ కూర్చుంది, ట్రైఫీనా గుమ్మం దగ్గర ఆగి, వెళ్లొస్తానమ్మగారూ, అంది, ఎగతాళి లేదు, కోపం లేదు, ఎత్తుకుని పెంచిన మనిషి తనను అమ్మగారూ అంది, మంచిది వెళ్లిరా, అని తను ఆ పిలుపుకు పలికింది కూడా.