అల్లాబక్ష్ గారి స్కూటరు

ప్రొబేషన్ ఆఫీసరు అల్లాబక్ష్ స్కూటరు నెలకోసారి ఆటోనగర్‌లో ఒకే షెడ్డు ముందు ఆగిపోయేది. దానికి ఏ రోగమూ లేదని ఇద్దరికే తెలుసు. ఒకరు అల్లాబక్ష్, రెండోవాడు మెకానిక్కు పేరయ్య. దొంగతనం కేసులో జైలుకు పంపకుండా కోర్టు పేరయ్యను కనిపెట్టుకుని ఉండమని ఆయనకు అప్పగించింది. ప్లగ్గు తుడిపించుకుంటూ వాడి మంచీచెడూ కనుక్కుని వచ్చేవాడు. షెడ్డు ఓనరుకు కేసు సంగతే తెలియదు.

కొత్తగా వచ్చిన పైఅధికారికి ఈ నాటకం నచ్చలేదు.

"ఈసారి కానిస్టేబుల్ని తీసుకెళ్లండి."

"వాడి పని పోద్దండీ. మా వృత్తిలో అలా బయటపెట్టడం తప్పు."

"తప్పని ఎవరు చెప్పాలి? డాక్టర్లకి మెడికల్ కౌన్సిలుంది, ప్లీడర్లకి బార్ కౌన్సిలుంది. మీకు నేనున్నాను. వెళ్లిరండి."

అల్లాబక్ష్‌కు ఒళ్లు మండిపోయింది. మండుతూనే కానిస్టేబుల్ని వెనక ఎక్కించుకుని వెళ్లాడు.

ఓనరు అడగ్గానే కానిస్టేబులు అంతా చెప్పేశాడు. ఓనరు పేరయ్యను అక్కడికక్కడే పొమ్మన్నాడు.

పేరయ్య పానా కింద పెట్టి, గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుని, స్కూటరు వైపు చూశాడు.

"వచ్చే నెల మీ బండి ఎక్కడ ఆగిపోద్దండీ?" అన్నాడు.