భీమరాజు గారి శుక్రవారం క్లాసు

వారంలో ఆరు రోజులు భీమరాజుని కువైట్‌లో ఎవరూ సార్ అనేవారు కాదు. ఆఫీసులో మేనేజరు 'రాజూ' అని కేకేసేవాడు. బిల్డింగు కాపలావాడికి ఆయన పేరే తెలీదు. ఫర్వానియా ఫ్లాట్లో ఆయనతోపాటు ఉండే ఐదుగురూ బాత్‌రూం తలుపు దబదబా బాదుతూ ఏమేమో అనేవారు, అవి ఇక్కడ రాయక్కర్లేదు. ఒక్క శుక్రవారం పొద్దున్న తొమ్మిది నుంచి పదకొండు దాకా మాత్రం ఆయన భీమరాజు సార్. ఆ రెండు గంటల కోసం గురువారం సాయంత్రమే చొక్కా ఇస్త్రీ చేసి పెట్టుకునేవాడు.

మంచాలు గోడకి జరిపి, కింద దుప్పటి పరిస్తే అదే క్లాసు. మధ్యలో పాత సామాన్ల సంతలో కొనుక్కొచ్చిన ఒక సర్వర్ మెషీన్, పైమూత తీసేసి, పేగులన్నీ కనబడేలా ఉండేది. చుట్టూ ఎనిమిది మంది శిష్యులు. ఇద్దరు డ్రైవర్లు, ఒక టైలరు, స్కూల్లో నేల తుడిచేవాళ్ళు ముగ్గురు, ఒక వంటమనిషి, ఒక హమాలీ. అందరూ కూర్చోగానే ఆయన చెయ్యెత్తేవాడు. వాళ్ళు ఎక్కం అప్పజెప్పినట్టు ఒక్క గొంతుతో అందుకునేవారు.

"ఆరెంజ్ వైట్, ఆరెంజ్, గ్రీన్ వైట్, బ్లూ, బ్లూ వైట్, గ్రీన్, బ్రౌన్ వైట్, బ్రౌన్."

కంప్యూటర్ కేబుల్లో ఎనిమిది తీగలుంటాయి. వాటిని ప్లగ్గులో ఆ వరసలోనే దూర్చాలి, ఒక్కటి తారుమారైనా నెట్‌వర్క్ పలకదు. ఈ వరస రానివాడికి భీమరాజు తర్వాతి పాఠం చెప్పేవాడు కాదు.

ఆయనది ముమ్మిడివరం దగ్గర పల్లె. పంతొమ్మిది వందల తొంభై తొమ్మిదిలో కేబుళ్ళు లాగే కూలీగా వచ్చాడు. చదివింది ఇంటరే. కానీ చూసి నేర్చుకుని, చెయ్యి కాల్చుకుని నేర్చుకుని, షువైఖ్‌లో ఒక పెద్ద వ్యాపార కంపెనీ సర్వర్ రూంకి మొత్తం తానే దిక్కయ్యాడు. ఇరవై రెండు మెషీన్లు. ఏది సుస్తీగా ఉందో ఫ్యాను చప్పుడు విని చెప్పేవాడు. బయట యాభై డిగ్రీల ఎండలో ఏసీ ఆగిపోయిన రోజున టేబుల్ ఫ్యాన్లు తెచ్చి వాటికి గాలి తగిలించి, తను మాత్రం చెమటతో తడిసి ముద్దయ్యాడు. ప్రతి దసరాకీ ఎవరూ చూడకుండా వాటి వెనకవైపు తలో కుంకుమ బొట్టు పెట్టేవాడు. ఆ బొట్ల సంగతి పదిహేడేళ్ళుగా ఒక్క మేనేజరుకీ తెలీలేదు.

శిష్యుల్లో హమాలీ పేరు శివకుమార్. రాయచోటి దగ్గరివాడు. పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాడు. ఏజెంటు కంపెనీ ఉద్యోగం అని పంపిస్తే, వచ్చి చూసేసరికి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పెట్టింది షువైఖ్ గోడౌన్లో పెట్టెలు మోసే పనిలో. మూడేళ్ళు మోశాడు. నడుము పోయింది. ఇక బరువెత్తితే మంచాన పడతావని ఆసుపత్రిలో డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు. క్లాసులో మిగతావాళ్ళు గోడకి ఆనుకుని కూర్చుంటే, అతను నడుము వంచలేక మోకాళ్ళ మీద నిలబడి నోట్సు రాసుకునేవాడు. అందరికన్నా చక్కటి నోట్సు అతనిదే.

రెండు వేల పదహారు జనవరిలో మేనేజరు భీమరాజుని గదిలోకి పిలిచాడు. రంజాన్ లోపల మెషీన్లన్నీ తీసేస్తున్నామన్నాడు. కంపెనీ లెక్కలూ సరుకు వివరాలూ అన్నీ క్లౌడ్‌లోకి పోతాయట. ఎక్కడో పరాయి దేశంలో ఎవరివో వేల మెషీన్లుంటాయి, వాటిలో మనకి కావాల్సినంత అద్దెకి తీసుకుని ఇక్కడ తెర ముందు కూర్చుని నడుపుకోవడమే. ఆ పని చూడ్డానికి బెంగళూరు నుంచి ఒకమ్మాయి వస్తోంది. ఆమె కింద ఇద్దరు కావాలి, నీకు తెలిసినవాళ్ళుంటే పరీక్షకి పంపు, అన్నాడు. భీమరాజు సంగతి తర్వాత చూద్దామన్నాడు. ఆ 'తర్వాత' అన్నమాటకి అర్థం కువైట్‌లో పదిహేడేళ్ళున్నవాడికి వేరే చెప్పక్కర్లేదు.

ఆ అమ్మాయి పేరు సత్యదుర్గ. కాకినాడ పిల్ల. వచ్చిన రెండో రోజే భీమరాజుది ఏ ఊరో కనుక్కుని బాబాయ్ గారూ అని వరస కలిపేసింది.

"బాబాయ్ గారూ, శుక్రవారాలు క్లాసు చెప్తారంట కదండీ. ఇదుగోనండి, మీ కోసం ఒక అకౌంట్ తెరిచేను. లాగిన్, పాస్‌వర్డ్ ఈ చీటీలో రాసేను. ఏడాది పాటు ఊరికే వాడుకోవచ్చు. మీ వాళ్ళకి దీని మీద నేర్పించండి. ఇప్పుడు పరీక్షల్లో అడిగేదంతా ఇదేనండి," అంది.

"అలాగేనమ్మా," అన్నాడు భీమరాజు.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక తెర ముందు కూర్చుని చీటీ చూసి లోపలికెళ్ళాడు. ఒక చోట నొక్కితే సర్వర్ పుట్టింది. ఇంకో చోట నొక్కితే దాని పక్కన నాలుగు పుట్టాయి. మరో చోట నొక్కాడు, ఐదూ పోయాయి. ఫ్యాను చప్పుడు లేదు, వేడి లేదు, చేతికి దుమ్ము అంటలేదు. ఆరు నిమిషాలు కూడా పట్టలేదు. పదిహేడేళ్ళుగా తను చేసిందంతా ఆ ఆరు నిమిషాల్లో ఎక్కడ ఉందా అని వెతుక్కున్నాడు. కనబడలేదు. తెర మూసేసి, చీటీని నాలుగు మడతలు పెట్టి, పనిముట్ల పెట్టెలో అడుగున పడేశాడు.

నేర్చుకుంటే వచ్చేదే. ఆయనకి బుర్ర లేక కాదు. భయం అంతకన్నా కాదు. అసలు సంగతి వేరే ఉంది. నేర్చుకోవాలంటే శుక్రవారం పొద్దున్న ఆ ఎనిమిది మంది ముందు కూర్చుని, ఇది నాకూ రాదు, మనమంతా కలిసి మొదట్నుంచి మొదలెడదాం, అని చెప్పాలి. సార్ నోట ఆ మాట రాలేదు. వచ్చే వారం చెబుదాం అనుకున్నాడు. ఆ వచ్చే వారాలు పదిహేను గడిచిపోయాయి.

చెప్పాల్సింది చెప్పకపోగా, చెప్పకూడనిది చెప్పాడు. ఫిబ్రవరిలో ఒక శుక్రవారం క్లాసు అయిపోతుంటే, "మా ఆఫీసులోకి ఇద్దరు మనుషులు కావాలంట. శివా, నీ వీసా జూన్‌తో అయిపోతుంది కదా. మూడేళ్ళు నిండినాయి గనక వేరే కంపెనీకి మారొచ్చు. పరీక్ష పెడతారు, నీకు అదొక లెక్క కాదు," అన్నాడు.

క్లౌడ్ అన్నమాట ఎత్తలేదు. ఎక్కడ పనైనా చివరికి ఒక మెషీను, ఒక తీగ, ఒక చెయ్యి ఉండక తప్పదు కదా అని తనకి తాను నచ్చజెప్పుకున్నాడు.

శివకుమార్ మోకాళ్ళ మీంచి లేచి నిలబడ్డాడు. "మా కఫీల్ మనిషి ఇఖామా కార్డు రెన్యూవల్‌కి సంతకం పెట్టమంటాండాడు సార్. పెట్టేదా, వద్దా? పెట్టకుంటే కోపం చేసుకుంటాడు. మళ్ళా పోయి అడిగినా ఒప్పుకోడు."

"పెట్టకు. నేనున్నాను కదా," అన్నాడు భీమరాజు.

నేనున్నాను అన్నమాట ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆయనకే తెలీదు. ఆ వారమే శివకుమార్ సంతకం పెట్టనని చెప్పేశాడు. కఫీల్ మనిషి, "ఖలాస్, జూన్‌లో పో," అని కాగితం లాగేసుకున్నాడు. ఇక మిగిలింది ఆ పరీక్ష ఒక్కటే. అది గట్టెక్కితే కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. పోతే పాడైన నడుముతో రాయచోటి.

పరీక్షకి వారం ముందు సత్యదుర్గ అడిగింది. "మీ వాళ్ళకి చూపించేరాండీ బాబాయ్ గారూ?"

"చూపిస్తున్నానమ్మా," అన్నాడు, కేబుల్ చుట్ట సర్దుకుంటూ.

ఆ శుక్రవారం శివకుమార్ ఒక్కడికీ విడిగా మరో గంట చెప్పాడు. ఎర్ర లైటు వెలిగితే ఏ డిస్కు లాగాలి, కొత్తది ఎలా దూర్చాలి, ఏసీ ఆగితే ముందు ఏ మెషీను ఆపాలి. ప్రాణం పెట్టి చెప్పాడు. అదంతా నిజమే, అందులో ఒక్క తప్పు లేదు. అంత బాగా ఆయన ఎప్పుడూ చెప్పలేదు కూడా.

పరీక్ష మే నెలలో ఒక మంగళవారం పొద్దున్న పెట్టారు. శివకుమార్ ఎవరిదో చొక్కా అడిగి వేసుకొచ్చాడు. జేబులో కేబుల్ ప్లగ్గులు నాలుగు పెట్టుకున్నాడు, చేసి చూపించమంటే ఆలస్యం కాకూడదని. గదిలో ఒక బల్ల, దాని మీద ఒక లాప్‌టాప్. అటువైపు సత్యదుర్గ, మేనేజరు. మూలన కుర్చీలో భీమరాజు.

తెలుగులోనే అడిగింది సత్యదుర్గ, పిల్లవాడు బెదరకూడదని. "సర్వర్లో చోటు నిండిపోయి ఆగిపోయిందండి. అవతల అమ్మకాలు ఆగిపోయాయి. ఏం చేస్తారు?"

శివకుమార్ మొహం వెలిగింది. పోయిన శుక్రవారం చదివిందే. "ముందు రూములోకి పోతా మేడమ్. ఏ డిస్కు కాడ ఎర్ర లైటు ఉండాదో చూస్తా. నంబరు రాసుకుంటా. మెల్లిగా గుంజి, కొత్తది ఏస్తా. చప్పుడు మారేదాకా ఆడనే నిలబడతా."

సత్యదుర్గ లాప్‌టాప్‌ని మెల్లిగా అతని వైపు తిప్పింది. "ఇందులో చేసి చూపించండి."

తెర మీద ఏవో గళ్ళు, అంకెలు, గీతలు. శివకుమార్ వంగి చూశాడు. నడుము పట్టేసినట్టుంది, బల్ల అంచు పట్టుకున్నాడు. లాప్‌టాప్ పక్కకి చూశాడు, వెనక్కి చూశాడు, బల్ల కిందికి కూడా చూశాడు.

"మెషీను యాడుండాది మేడమ్?" అన్నాడు.

మేనేజరుకి తెలుగు రాకపోయినా సంగతి అర్థమైంది. గడియారం చూసుకున్నాడు. సత్యదుర్గ చూపు శివకుమార్ మీంచి మూలనున్న కుర్చీ మీదికి వచ్చి ఆగింది. భీమరాజు తల దించుకుని తన బూట్లకేసి చూస్తూ కూర్చున్నాడు. కొట్టినా తిట్టినా అంత సిగ్గనిపించేది కాదు.

"కేబుల్ చేసి చూపీమంటారా మేడమ్? రెండే నిమిషాలు," అన్నాడు శివకుమార్, జేబులోంచి ప్లగ్గు తీసి.

"వద్దండి. ఆ పనికి బయట కాంట్రాక్టు వాళ్ళు వస్తారు," అందామె. అతను వెళ్ళాక భీమరాజుతో ఒకే ముక్క అంది. "చూపిస్తున్నానన్నారు కదండీ." ఆ తర్వాత ఆమె మళ్ళీ బాబాయ్ గారూ అని పిలవలేదు.

కింద మెట్ల దగ్గర శివకుమార్ ఎండలో నిలబడి ఉన్నాడు. ప్లగ్గులు ఇంకా గుప్పిట్లోనే ఉన్నాయి.

"సార్, ఇట్లా మారిపోయిందని మీకు ముందే తెల్సా?"

అడిగిన గొంతులో నిష్ఠూరం లేదు, ఊరికే తెలుసుకుందామనే అడిగాడు. తెలుసు శివా, జనవరి నుంచీ తెలుసు, అంటే సరిపోయేది. అతను తిట్టేవాడు, కొట్టినా కొట్టేవాడు, భీమరాజు మనిషిగా మిగిలేవాడు.

"నాకూ ఇప్పుడే తెలిసింది," అన్నాడు.

శివకుమార్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "పాపం, పదిహేడేండ్లు చేసిన మనిషికి గూడా చెప్పలేదా సార్. ఏం మనుషులు." ఆ చెయ్యి బరువు భీమరాజు చాలా కాలం మోశాడు.

జూన్‌లో శివకుమార్ వెళ్ళిపోయాడు. వెళ్ళే రోజు భీమరాజు తన పనిముట్ల పెట్టె తీసుకెళ్ళి ఇచ్చాడు. పదిహేడేళ్ళు తన చేతిలో అరిగిన కటింగ్ ప్లయరు, కేబుల్ టెస్టరు, స్క్రూడ్రైవర్లు అన్నీ ఉన్నాయి. ఇంత పెద్ద బహుమానం ఇచ్చినందుకు శివకుమార్ వంగలేని నడుముతోనే వంగి కాళ్ళు ముట్టుకున్నాడు. భీమరాజు వారించబోయి ఊరుకున్నాడు.

మెషీన్లు తుక్కు లారీలో పోయాయి. వాటి వెనకున్న బొట్లు చూసి లోడింగువాళ్ళు ఏదో తుప్పు అనుకున్నారు. ఖాళీ అయిన ఆ గదిలో ఇప్పుడు కాగితాల కట్టలు, ఖర్జూరాల పెట్టెలు పేర్చారు. వీసా గడువు తీరేదాకా వాటికి కాపలా భీమరాజు. శుక్రవారం క్లాసు మానేశాడు. ఆరోగ్యం బాగాలేదన్నాడు. మిగతా ఏడుగురూ పళ్ళు తీసుకుని చూడ్డానికొచ్చారు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం, ఆ గదిలో పెట్టెల మధ్య కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. ఇమో వీడియో కాల్‌లో శివకుమార్.

"బాగుండారా సార్? మీకు ఒకటి చూపించల్ల." ఫోన్ తిప్పాడు. రాయచోటి బస్టాండు వెనక మేడ మీద ఒక గది. గుమ్మం పైన పసుపు బోర్డు, దాని మీద ఎర్ర అక్షరాలు. భీమరాజు సార్ హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్కింగ్ కోచింగ్. "మీ పేరే పెట్టినా. డిగ్రీ పిల్లోళ్ళు పదహారు మంది చేరినారు. బరువు ఎత్తే పని లేదు సార్, నడుము గూడా తట్టుకుంటాండాది. మీరు చెప్పిందే, ఒక్క ముక్క పోకుండా చెప్తాండా. అన్నీ మారలేదంట సార్, పెద్ద కంపెనీల్లోనే అంట. ఈళ్ళను కువైట్‌కు పంపిచ్చల్ల. సర్వర్ రూములో పనులుంటాయని చెప్పినా."

భీమరాజు ఫోన్‌ని ఒక ఖర్జూరాల పెట్టెకి ఆనించి పెట్టాడు.

"ఇంకోటి సార్. మీ పెట్టె అడుగున ఒక చీటీ దొరికింది. ఇంగ్లీషులో ఏందో పేరు, అంకెలు రాసుండాయి. యాడికన్నా పనికొచ్చేదా సార్? పిల్లోళ్ళకు చెప్పేదేమన్నా ఉంటే చెప్పండి, నేర్చుకుంటా."

పదహారు మంది. ఇది రెండో అవకాశం, మూడోది రాదు, అది భీమరాజుకి స్పష్టంగా తెలుసు. "శివా," అన్నాడు. చెప్పేద్దామనే నోరు తెరిచాడు.

అంతలో శివకుమార్ ఫోన్ లోపలికి తిప్పాడు. "లేయండి, లేయండి. సార్ చూస్తాండారు." పదహారు మందీ లేచి నిలబడి చేతులు జోడించారు. నమస్కారం సార్ అన్నారు. అందరూ ఒక్కసారే అన్నారు. శివకుమార్ చెయ్యెత్తాడు, అచ్చం భీమరాజు ఎత్తినట్టే. వాళ్ళు మొదలెట్టారు.

"ఆరెంజ్ వైట్, ఆరెంజ్, గ్రీన్ వైట్, గ్రీన్..."

"ఆగండాగండి," అన్నాడు భీమరాజు. నిటారుగా కూర్చున్నాడు. చొక్కా కాలరు సర్దుకున్నాడు. "గ్రీన్ వైట్ తర్వాత గ్రీన్ కాదమ్మా, బ్లూ. మళ్ళీ చెప్పండి."

వాళ్ళు మళ్ళీ చెప్పారు. ఈసారి ఒక్కరూ తప్పలేదు.

"ఆ చీటీ ఏం చేసేది సార్?" అని అడిగాడు శివకుమార్.

"పాతది. పారెయ్యి," అన్నాడు భీమరాజు.