అక్క చూడమన్నది

మంగళవారం నుంచి మా వంటగది ఇంట్లో లేదు. దాని తలుపు తెరిస్తే నేరుగా పెరడు వస్తోంది. నాలుగు రోజులుగా బస్టాండు పక్కన హోటల్లో ఇడ్లీ తింటున్నాను.

ఆ ఇంట్లో మా అక్క సులోచన, నేను నలభై ఏళ్లు కలిసి ఉన్నాం. అక్క జాకెట్లు కుట్టేది. నేను గ్రంథాలయంలో పనిచేసేదాన్ని. ఇంటికొచ్చాక కూడా పుస్తకంలోంచి తల ఎత్తేదాన్ని కాదు. అక్క పోయి ఏడాదయింది.

శనివారం ఉదయం, హోటల్ బయట చిలక జోస్యం చెప్పే ఎల్లవ్వ నన్ను పిలుస్తుంది. చిలక పంజరంలోంచి వచ్చి, పేర్చిన చీటీల పక్కన నడిచి, ఒకదాన్ని ముక్కుతో లాగి నా ముందు పడేస్తుంది. అందులో దేవుడి బొమ్మ లేదు. మా వంటగది ఉంది.

“ఇది నాదే,” అంటాను.

“నీదయితే గురుతులు చెప్పు,” అంటుంది ఎల్లవ్వ.

చెప్పలేకపోతాను. ఉప్పు జాడీ ఏ మూల ఉండేదో తెలియదు. గోడ రంగు తెలియదు. నలభై ఏళ్లు అక్కడే కూర్చుని తిన్నాను.

“మంచిగ చూసి చెప్పమ్మా. చూసినంత సేపే ఉంటది.”

చూస్తాను. ముందు జాడీ కనిపిస్తుంది, తరువాత దాని అంచున పెచ్చు ఊడిన చోటు. ఆ వెనక సున్నంలో నీలిమందు ఎక్కువైన గోడ. చివరికి పొయ్యి దగ్గర అక్క. ముప్పై ఏళ్లుంటాయి. చేటలో బియ్యం ఏరుతోంది. పైట కొంగుకు నాలుగు గుండుసూదులు గుచ్చి ఉన్నాయి.

ఫోను మోగుతుంది. గ్యాస్ తెచ్చే మల్లేశం.

“మేడమ్, సిలిండర్ తెచ్చిన. వంటిల్లు ఏది?”

“ఇక్కడుంది, నా దగ్గర,” అని చెప్పి మళ్లీ చూసేసరికి అక్కకు కుడి చేయి లేదు. చేట ఒక పక్కకు వాలిపోయింది. అక్క ఎడమ చేత్తో ఏరుతోంది.

“ఎటు చూసినవమ్మా?” అంటుంది ఎల్లవ్వ. ఆ గొంతులో కోపం లేదు.

ఫోను ఆపేస్తాను. ఆ చేతిని తిరిగి చూడటానికి చాలా సేపు పడుతుంది. కత్తెర పట్టి కాయ కాసిన బొటనవేలు. మూడే గాజులు, నాలుగోది కుట్టుమిషన్ చక్రానికి తగిలి పగిలింది. అది నాకు తెలుసన్న సంగతి ఇప్పటిదాకా నాకు తెలియదు. చేయి వస్తుంది, బియ్యంలోంచి ఒక రాయి తీసి పారేస్తుంది.

“ప్రమీలా, ఒక్కసారి ఇటు రావే. ఇది చూడు,” అంటుంది అక్క, తల తిప్పకుండా.

రోజుకొకసారైనా అలా పిలిచేది. ఈ పేజీ అయినంక వస్త అనేదాన్ని. వెళ్లేసరికి అక్కడ ఏమీ ఉండేది కాదు. “పాయె తియ్యి,” అని నవ్వేది.

“వస్తున్న,” అని లేస్తాను. చీటీ గడప కాస్త ఎత్తు. కుచ్చిళ్లు పట్టుకుని దాటుతాను. ఎల్లవ్వ నా చెప్పులు నీడలోకి జరుపుతుంది.

మూసిన కిటికీ రెక్కలో శనగగింజంత చిల్లు ఉంది. అందులోంచి పడిన వెలుగులో మా వీధంతా ఎదుటి గోడ మీద తలకిందులుగా నడుస్తోంది. సైకిళ్లు, మేకలు, గొడుగు పట్టిన ఒక పెద్దాయన. ఇళ్లు పైకప్పు నుంచి వేలాడుతున్నాయి. ఆకాశం అట్టడుగున, నేలను ఆనుకుని ఉంది.

“రోజూ ఇట్లనే వస్తదా అక్కా?”

“తొమ్మిదింటికి. నువ్వు లైబ్రరీకి తయారయ్యే యాళ్లకు.”

“గట్టిగ పిలవకపోయినవా?”

“గట్టిగ పిలిస్తే మేకలు బెదురుతయి.”

అక్క గోడ అడుగున గిన్నె ముంచి, కొంచెం ఆకాశం తీసుకుని, బియ్యం కడుగుతుంది. తరువాత జరిగి నాకు చోటిస్తుంది. పక్కన కూర్చుని కాళ్లు ఆ ఆకాశంలోకి దించుతాను. చల్లగా ఉంది, చీలమండల దాకా వస్తోంది. కొంగల బారు ఒకటి నా పాదాల మధ్య నుంచి తొందర లేకుండా పోతోంది. అన్నిటికంటే వెనకున్న కొంగ రెక్కలు ముడిచి నా కాలి బొటనవేలి గోరు మీద వాలుతుంది, ముక్కుతో ఈకలు సర్దుకోవడం మొదలుపెడుతుంది.